జామీను వచ్చాక తొమ్మిది రోజులు

నా చిన్నప్పుడు మా నాన్న తొమ్మిది రోజులు ఊరికే జైల్లో ఉన్నాడు. వదిలిపెట్టమని జడ్జిగారు ఉత్తర్వు ఇచ్చిన తరువాత కూడా ఉన్నాడు. 

మాది నౌపడ దగ్గర ఒక చిన్న ఊరు. నాన్న ఉప్పు మడుల్లో కూలి. ఒక ఎండాకాలం ఉప్పు లారీ వెనక్కి వస్తూ తోటి కూలీ కాలు నలగ్గొట్టింది. ముందు సరుకు దించి వస్తాను, తరువాత ఆస్పత్రికి తీసుకెళ్తానన్నాడు డ్రైవరు. నాన్న లారీకి అడ్డంగా కూర్చున్నాడు. కాలు నలిగినవాణ్ణి లారీలోకి ఎక్కించేదాకా లేవలేదు. మర్నాడు ఆ లారీల కాంట్రాక్టరు, లారీ మీద దాడి చేశాడని నాన్న మీద ఫిర్యాదు రాయించాడు. పోలీసులు వచ్చి పట్టుకుపోయారు.

వారం తిరిగాక కోర్టు జామీను ఇచ్చింది. ఊళ్ళో ఇద్దరు పూచీ సంతకాలు పెట్టారు. ఆ సాయంత్రం అమ్మ నాన్న కోసం వంట చేసి కూర్చుంది. నాన్న రాలేదు. మర్నాడు రైలెక్కి జైలుకు వెళ్తే, కోర్టు నుంచి కాగితం రాలేదన్నారు. కోర్టుకు వెళ్తే, ఎప్పుడో పంపేశామన్నారు. పోలీసులు, పట్టుకుని కోర్టులో అప్పగించడంతో మా పని అయిపోయిందన్నారు. సర్కారు వకీలు, నేరం రుజువు చేయడం వరకే నా బాధ్యత అన్నాడు. ఎవరూ అమ్మను తిట్టలేదు. అందరూ మర్యాదగానే పక్క గుమ్మం చూపించారు. అలా వారం తిరిగి అమ్మ మంచం పట్టింది.

అప్పుడు వచ్చింది మా మేనత్త. సంతల్లో ఎండుచేపలు అమ్మేది. చదువు రాదు. సంగతంతా విని, అమ్మతో ఏమీ అనకుండా నా వైపు తిరిగి, "ఒసే గుంటా, నీ నోటుబుక్కు అట్టుకొని రా, ఎల్దాం," అంది. నేనప్పుడు అయిదో తరగతి.

కోర్టు వరండాలో అర్జీలు టైపు చేసే ముసలాయన ఒకాయన ఉండేవాడు. అత్త ముందు ఆయన దగ్గర కూర్చుంది. ఈ దొరలందరికీ పెద్ద ఎవరని అడిగింది. అలా ఒక్కడు ఉండడని ఆయన ఓపిగ్గా చెప్పాడు. పోలీసులది ఒక శాఖ, జైలుది ఇంకో శాఖ, సర్కారు తరఫున వాదించే వకీలు వేరు. జడ్జిగారు వీళ్ళెవరి మాటా వినక్కర్లేదు, ఆయన పైకోర్టుకే జవాబుదారీ. పట్టుకున్నవాడే శిక్ష వేయకూడదని, మన మంచికే ఇలా విడదీసి పెట్టారన్నాడు.

అత్త తలూపింది. "మంచిదే బాబూ. మరి ఈడి కాడ్నించి ఆడి కాడికి కాగితం మోసీవోడు ఎవుడు?"

ఆయన టైపు ఆపి అత్త వైపు చూశాడు. తరువాత లోపల మూలనున్న ఒక గుమస్తాను చూపించాడు. బయటికి వెళ్ళే ప్రతి కాగితం ఆయన రిజిస్టరులో ఎక్కాలి.

అత్త నాన్న కాగితం సంగతి అడిగితే గుమస్తా తలెత్తకుండానే, పంపేశామని ఎన్నిసార్లు చెప్పాలి అన్నాడు.

"ఏ దినం పంపినారు, ఎవుడు అట్టుకెల్నాడు, సెప్పండి బాబూ. మా గుంట రాసుకుంటాది."

"రాయడం ఎందుకు?"

"నాకు అచ్చరం ముక్క రాదు. మీరు సెప్పింది జైలోలకి సెప్పాల గదా. మీ పేరు కూడా సెప్పండి."

నేను పెన్సిలు పట్టుకుని నిలబడ్డాను. గుమస్తా నా పుస్తకం వైపు చూశాడు, అత్త వైపు చూశాడు, లేచి రిజిస్టరు తీశాడు. ఒక్కొక్క పేజీ తిప్పాడు. ఎక్కడా లేదు. అప్పుడు బల్ల పక్కనున్న కాగితాల కట్టలు విప్పడం మొదలుపెట్టాడు. మూడో కట్టలో దొరికింది మా నాన్న విడుదల ఉత్తర్వు. సంతకం ఉంది, ముద్ర ఉంది.

పొరపాటు జరిగింది, కోప్పడకమ్మా అన్నాడు. అత్త గొంతు పెంచలేదు.

"ఒక మనిసిని ఎనిమిది దినాలు మరిసిపోనారు. మీ ఇంట్లో మనిసి ఎనిమిది దినాలు కానరాకపోతే, ఇలాగే మరిసిపోతారేటి బాబూ?"

ఆ మధ్యాహ్నమే బంట్రోతు చేతికి కాగితం ఇచ్చి పంపారు. వాడు రైలెక్కేదాకా అత్త వాడి వెంటే నడిచింది.

మర్నాడు నాన్న ఇంటికొచ్చాడు. గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూ నవ్వాడు. ఎన్నో ఏళ్ళుగా ఉప్పులో పగిలి పుండ్లు పడ్డ పాదాలు, ఉప్పు తగలక జైల్లో మానిపోయాయి. చూడండి అన్నాడు. అమ్మ చూసి లోపలికి వెళ్ళిపోయింది. నాకు ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కొన్నాళ్ళకు సాక్షులు లేక కేసు కొట్టేశారు. ఆ తొమ్మిది రోజుల గురించి ఏ శాఖా ఏ శాఖనూ అడగలేదు. గుమస్తా అదే బల్ల దగ్గర ఉద్యోగం చేసుకున్నాడు. కాంట్రాక్టరు లారీలు తిరుగుతూనే ఉన్నాయి.

ఇప్పుడు నాకు మనవలున్నారు. కోపం తగ్గించుకో బామ్మా అంటారు. అరిచే కోపమైతే ఎప్పుడో తగ్గించుకునేదాన్ని. ఆ రోజు మా అత్తలో చూసింది అది కాదు. ఎదుటివాణ్ణి కుర్చీలోంచి లేపి, కట్టలు విప్పించేదాకా కదలని కోపం అది. ఎవరి ఇంటి మనిషి ఎక్కడ చిక్కుపడ్డా నేను వెంట వెళ్తాను, నెమ్మదిగానే అడుగుతాను, జవాబు వచ్చేదాకా లేవను. ఆ కోపం నాలో చల్లారలేదు. చల్లారాలని నేను దేవుణ్ణి అడగనూ లేదు.