చుక్కల మందు

నెమలి ఊళ్లో వేణుగోపాలస్వామి గుడికి వెళితే సరోజినీదేవి ఒక చెప్పు మెట్ల దగ్గరా, రెండోది కొబ్బరికాయల కొట్టు దగ్గరా విడుస్తుంది. జత దొరక్కపోతే దొంగ ఏం చేసుకుంటాడని ఆవిడ ధీమా. పాలవాణ్ని నమ్మదు, ముహూర్తం పెట్టిన పంతుల్ని నమ్మదు, ఆసుపత్రి వాళ్లనైతే అసలే నమ్మదు. అలాంటి మనిషి అమ్మ పోయిన ఇంట్లో పెద్దకర్మ దాకా చేతులు ముడుచుకుని కూర్చోవాల్సి వచ్చింది. ఇంకేముంది, అనుమానం సొంత చెల్లెలి మీదికి మళ్లింది.

అమ్మ పిచ్చమ్మ చివరి ఏళ్లన్నీ తిరువూరులో చిన్నకూతురు ప్రమీలారాణి దగ్గరే గడిపింది. ప్రమీల భర్తకు బజార్లో ఎరువుల కొట్టు. అక్కడే ఒక తెల్లవారుజామున పిచ్చమ్మ కన్నుమూసింది. కబురందగానే సరోజినీదేవి తన అత్తవారి ఊరు వినగడప నుంచి ఆటో మాట్లాడుకుని, దారి పొడవునా శోకాలు పెడుతూ వచ్చింది. అమ్మ కాళ్ల మీద పడి, కాసేపటికి తలెత్తి చూస్తే చెల్లెలు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్లో నీళ్ల సీసా. కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయి.

చావింట్లో ఆడవాళ్ల ఏడుపుకొక పద్ధతుంది. గుమ్మంలో అడుగుపెట్టిన ప్రతి బంధువు మెడా కావలించుకుని మళ్లీ మొదట్నుంచీ ఏడవాలి. సరోజినీదేవి ఆ పద్ధతిలో ఆరితేరిన మనిషి. చెల్లెలు కావలించుకుంటుంది, గొంతు పూడుకుపోతుంది, భుజాలు వణుకుతాయి, కంట్లోంచి చుక్క రాలదు. అది సరోజినీదేవి ఒక్కతే చూసింది కాదు. పెరట్లో ఆడవాళ్లు చెవులు కొరుక్కోవడం ఆవిడ విన్నది. విని, వాళ్లను కసరలేదు. నాన్న పోయినప్పుడు అమ్మ గురించి కూడా పుట్టినూరు రెడ్డిగూడెంలో ఆడవాళ్లు ఇలాగే అన్నారు. బండగుండె మనిషి అన్నారు. అప్పుడూ సరోజినీదేవి ఎవర్నీ కసరలేదు, ఎందుకంటే తనకూ అదే అనిపించింది.

అప్పట్నుంచి ఆవిడ కూపీ లాగడం మొదలుపెట్టింది. ప్రమీల పొద్దున్నే లేవదు. ఇంటినిండా చుట్టాలుంటే, కాఫీలు కూడా వంటమనిషే పెడుతుంటే, ఎండ ముదిరేదాకా గదిలోంచి బయటికి రాదు. సాయంత్రానికి మాత్రం మేడమెట్లు గబగబా ఎక్కేస్తుంది! పొద్దున కుంటి, సాయంత్రం జింక. ఇదెక్కడి జబ్బు? మొహం చూస్తే గుండ్రంగా, నిండుగా ఉంది. రోగిష్టి మొహం అలా ఉంటుందా? అన్నంలో మజ్జిగ పోసుకుని జారుడుగా తాగుతుంది. గారె పెడితే మింగుడు పడదంటుంది. దిండు పక్కన బిళ్లల డబ్బా, అందులో ఎన్ని రంగులో. థైరాయిడ్ ఉందంటే సరోజినీదేవి ఒప్పుకుంది, అది ఊళ్లో సగం మందికి ఉంది. కీళ్లవాతం అంటే సగం ఒప్పుకుంది. ఇప్పుడు మూడోది కూడా ఉందంటుంటే మాత్రం ఆవిడ బుద్ధికి ఎక్కలేదు. ఒక మనిషికి ఒక జబ్బుంటుంది, మహా అయితే రెండు. మూడో జబ్బంటూ మొదలుపెడితే అది పని తప్పించుకోవడానికే.

చిన్నకర్మ మర్నాడు దొంగ దొరికింది. సరోజినీదేవి తువ్వాలు కోసం వెళుతూ వెనకగది తలుపు సందులోంచి చూసింది. ప్రమీల మంచం అంచున కూర్చుని, తల వెనక్కి వాల్చి, చిన్న సీసాలోంచి కళ్లలో చుక్కలు వేసుకుంటోంది. రెండు చేతులతో పట్టుకుని మరీ నొక్కుతోంది. కొంగుతో చెంపలు అద్దుకుంది. అంతలో వాకిట్లో ఎవరో శోకం అందుకున్నారు. ప్రమీల తడికళ్లతో బయటికెళ్లి ఆ వచ్చినావిణ్ని కావలించుకుంది.

సరోజినీదేవికి ఒళ్లు మండిపోయింది. టీవీ సీరియళ్లలో గ్లిజరిన్ వేసుకుని ఏడుస్తారని విన్నది గానీ, అమ్మ చావుకి, ఈ ఇంట్లో! ఇన్నేళ్లూ అమ్మని చూసిందీ ఇలాగే అన్నమాట. ప్రాణం పోయే పూట నోట్లో తులసినీళ్లు పోయడానికి పక్కన ఎవరూ లేరట. ఇది పక్కగదిలోనే ఉండి లేవలేదట. ఆవిడకు అంతా అతికినట్టు తోచింది. గదిలోకి వెళ్లి ఆ సీసా తీసుకుని, తన సంచీలో చీరల అడుగున దాచింది.

మేనమామ ఆదిశేషయ్యను పక్కకు పిలిచింది. ఆయన మాటంటే బంధువులందరికీ గురి.

"పెద్దకర్మ నాడు అందరి ముందూ నేనొక సంగతి తేల్చాలి మావయ్యా. తేల్చాక నేనిక ఈ గడప తొక్కను, దానికీ నాకూ అక్కాచెల్లెళ్ల వరస తెగిపోయినట్టే."

"ఇప్పుడేం తొందరే, అమ్మ పోయిన ఇంట్లో?" అన్నాడాయన.

"అమ్మ పోయింది కాబట్టే."

ఆ సాయంత్రం ప్రమీల మంచం కింద, కిటికీలో, దిండు గలీబులో వెతికింది. ఏం వెతుకుతున్నావని ఎవరో అడిగితే, ఏం లేదులే అంది. నిజం మందే అయితే అడగొచ్చుగా, ఇల్లంతా లేపొచ్చుగా? అడగలేదంటేనే గుట్టు ఉందని సరోజినీదేవి తీర్మానించుకుంది. మర్నాటినుంచి ప్రమీల వెలుతురులోకి రావడం మానేసింది. ఆ పైన పెద్దకర్మ వంటలకి పెరట్లో గాడిపొయ్యిలు తవ్వి కర్రలు వెలిగించారు. పొగ ఇంట్లోకి తిరిగింది. ప్రమీల గది తలుపు వేసుకుంది. దొంగకి మొహం చెల్లట్లేదని సరోజినీదేవి అనుకుంది.

పెద్దకర్మ నాడు పిండప్రదానం అయింది. విస్తళ్లు వేస్తున్నారు. ప్రమీల ఇంకా బయటికి రాలేదు. సరోజినీదేవి సీసా గుప్పిట్లో పెట్టుకుని ఆ గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

"ఇదేగా నువ్వు వెతుకుతోంది?"

ప్రమీల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కళ్లు మూసుకునే లేచి కూర్చుంది.

"అదే. ఇటివ్వక్కా. కాదులే, నువ్వే వెయ్యి. నా వేళ్లకి ఇవాళ పట్టు చిక్కట్లా."

సరోజినీదేవి సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఈ మాటతో తడబడ్డాయి. దగ్గరికెళ్లి వంగి, చెల్లెలి రెప్ప బొటనవేలితో పైకెత్తింది. రెప్ప వెంటనే రాలేదు, గుడ్డుకి అతుక్కుని ఉంది. లోపల మిరపపండు ఎరుపు. పొడిగా, మెరుపు లేకుండా ఉంది. ఒక చుక్క వేసింది. రెండో కంట్లో కూడా వేసింది. ప్రమీల పళ్లు బిగబట్టి, మెల్లగా ఊపిరి వదిలింది.

"ఇసక పోసినట్టుందక్కా, అది పోయినప్పట్నుంచీ. ఈ రకం ఇక్కడ దొరకదు, బెజవాడ నుంచి తెప్పించమంటే ఇంకా రాలా."

"మరి అడగవేమే? పోయిందని చెప్పవేం?"

"నీ సంచీలో ఉందని నాకు తెలుసు. వెతుకుతుంటే నువ్వు సంచీ ఒళ్లోకి లాక్కున్నావు. అడిగితే నువ్వు దొంగవవుతావుగా? ఇంటినిండా చుట్టాలు."

సరోజినీదేవి మంచం మీద కూలబడింది.

"జబ్బని నాకు గట్టిగా చెప్పొచ్చుగా!"

"చెప్పాను. థైరాయిడ్ అంటే అయ్యో అన్నావు. కీళ్లంటే ఓహో అన్నావు. కళ్లూ నోరూ ఎండిపోతున్నాయక్కా అంటే నవ్వావు. ఆ తర్వాత చెప్పడం మానేశా." ప్రమీల తడుముకుని సీసాలో నీళ్లు ఒక గుక్క తాగింది. "ఈ మూడూ ఒక్క గూటివేనంటక్కా. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే, సొంత ఒంటిని పగవాడనుకుని మీద పడుతుందంట. ఒకచోట మొదలైతే ఇంకోచోటికి పాకడం మామూలేనంది డాక్టరమ్మ. పొద్దున్నే ఒళ్లు కొయ్యైపోద్ది. మధ్యాహ్నానికి కాస్త సాగుద్ది. మొహం ఇలా ఉబ్బింది కూడా మందులకే."

సొంత ఒంటినే పగవాడనుకోవడం అన్న మాట దగ్గర సరోజినీదేవి తల దించుకుంది. అయినా అడగకుండా ఉండలేకపోయింది, ఆవిడ స్వభావం అలాంటిది.

"ఆ రోజు... అమ్మ పిలవలేదా నిన్ను?"

ప్రమీల నీళ్ల సీసా పక్కన పెట్టింది.

"పిలిచింది. రెండుసార్లు పిలిచింది. నాకు వినపడింది. వస్తున్నానమ్మా అన్నాను. కాళ్లు కింద పెట్టి, మంచం కోడు పట్టుకుని, గోడ పట్టుకుని... ఆ గదికీ ఈ గదికీ ఎంత దూరముందో చూడు. వెళ్లేసరికి పిలవడం ఆగిపోయిందక్కా." ఆమె గొంతు మీద వేలు పెట్టుకుంది. "ఏడుపొస్తోంది. ఇదిగో, ఇక్కడిదాకా వస్తోంది. కంట్లోకి రావట్లా. అమ్మకి కూడా ఇదే ఉండి ఉండొచ్చని డాక్టరమ్మ అనుమానపడింది. పరీక్ష చేయిద్దామంటే అమ్మ ఒప్పుకోలా. 'మీ నాన్న పోయినప్పుడు కూడా నా కళ్లు ఇట్టాగే మండినయ్యే, ఏడవనిచ్చినయ్యా' అందంతే."

సరోజినీదేవికి రెడ్డిగూడెం ఇంటి పంచ గుర్తొచ్చింది. నాన్న పక్కన, పొడికళ్లతో, చేతిలో నీళ్ల చెంబు వదలకుండా కూర్చున్న అమ్మ గుర్తొచ్చింది. జీవితమంతా ఆ చెంబుని చూసి కూడా ఆవిడ అడగలేదు. ఇక అడగడానికి అమ్మ లేదు.

చెల్లెల్ని పొదివి పట్టుకుని హాల్లోకి తీసుకొచ్చింది. తినేవాళ్లు తింటున్నారు, మిగతావాళ్లు ప్రమీల కళ్లకేసి చూస్తున్నారు. ఆదిశేషయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఏమ్మా సరోజినీ, ఏదో తేల్చాలన్నావు. అందరూ ఉన్నారు, చెప్పు."

విస్తళ్ల దగ్గర చేతులు ఆగాయి. సరోజినీదేవి గుప్పిట విప్పింది.

"తేలింది మావయ్యా. మా చెల్లెలికి జబ్బు. కంట్లో నీళ్లు ఊరవు. ఈ మందు వేస్తేగానీ కళ్లు తెరవలేదు. సీసా దాచింది నేను. ఎవరన్నా ఏమన్నా అనాలంటే నన్ననండి."

ఆవిడ అమ్మ ఫొటో ముందు చాప మీద కూర్చుని, చెల్లెలి తల ఒళ్లో పెట్టుకుని, అందరూ చూస్తుండగా ఇంకో చుక్క వేసింది. వేస్తుంటే ఆవిడ కళ్లలోంచి నీళ్లు ప్రమీల చెంప మీద పడ్డాయి. ప్రమీల చెయ్యెత్తి ఆ తడిని వేళ్లతో తాకి చూసుకుంది.

"నీకు వస్తున్నాయి," అంది గుసగుసగా. "నాకూ కలిపి నువ్వే ఏడువక్కా."

సరోజినీదేవి ఆ మధ్యాహ్నం ముగ్గురి ఏడుపూ ఏడ్చింది.