కత్తెరమ్మ పీఎఫ్ డబ్బు

మా ఆడపడుచుని షర్టుల ఫ్యాక్టరీలో అందరూ కత్తెరమ్మ అనేవాళ్ళు. గుడ్డని పొరలు పొరలుగా పరిచి, పైన సుద్దతో గీసిన గీత వెంట కొయ్యడం తన పని. మొగుడితో పొసగక మా ఇంటి వెనక గదిలోకి వచ్చింది. వచ్చిన నెల నుంచే తన తిండి ఖర్చు నా చేతిలో పెట్టేది. ఒకరి సొమ్ము తినే మనిషి కాదు, తనది ఊరికే ఒకరికి పెట్టే మనిషీ కాదు. నాకు నచ్చింది ఆ గుణమే, నచ్చనిదీ అదే.

భుజం పట్టేసి చెయ్యి పైకి లేవకుండా పోయాక ఉద్యోగం మానేసింది. ఇన్నేళ్ళు జీతంలోంచి పట్టుకున్న పీఎఫ్ డబ్బు రావాలి. అది రాకముందే మా ఆయన దానికి ఖర్చు చూపించేశాడు. రేకుల ఇంటికి స్లాబు వెయ్యాలట. మేస్త్రీని పిలిపించి గోడలు కూడా తట్టించాడు. చెల్లెల్ని ఓ మాట అడిగావా అంటే, "అడిగేదేముంది, తను ఉండేదీ ఈ కప్పు కిందేగా" అన్నాడు.

నెలలు గడిచాయి. తను ప్రతి వారం ఫ్యాక్టరీకి వెళ్ళడం, "ఇంకా రాలేదు వదినా" అంటూ గుమ్మంలో చెప్పులు విప్పడం. తనతోపాటే మానేసిన, బొత్తాలు కుట్టే ఆమెకి డబ్బు రావడమూ అయింది, కుట్టుమిషను కొనుక్కోవడమూ అయింది. నాకు అనుమానం పట్టుకుంది. ఫ్యాక్టరీ గుమస్తా నొక్కేస్తున్నాడు, సందేహం లేదు. మా ఆయన మీదా ఓ కన్నేశాను. ఆయన చొక్కా జేబులు తడిమితే బస్సు టికెట్లు తప్ప ఏమీ దొరకలేదు.

"ఈసారి నేనూ వస్తా పద" అన్నాను.

"ఎండలో నీకెందుకు వదినా" అంది, మొహం పక్కకి తిప్పుకుని. నాకు అనుమానం ఇంకా పెరిగింది.

గుమస్తా గదినిండా దారం కండెల డబ్బాలే. కూర్చోమన్నా నేను కూర్చోలేదు.

"ఏం బాబూ, మా మనిషి డబ్బు ఎవరి కడుపులోకి పోయింది?"

అతను నా వైపు చూడలేదు. మా ఆడపడుచు వైపు చూసి, "చెప్పెయ్యనా అక్కా?" అన్నాడు. తను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.

"ఎక్కడికీ పోలేదు పెద్దమ్మా. పని మానేసిన తేదీ మేం ఎక్కిస్తేగానీ ఆ డబ్బు కదలదు. ఎక్కించొద్దని ప్రతి వారం వచ్చి బతిమాలేది ఈవిడే. మా మేనేజరు నన్ను తిడుతున్నాడు."

రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

"మీ అన్నకి భయపడా ఈ నాటకం?"

"అన్నయ్య అడిగితే కాదంటా. ఆయన అరుస్తాడు, నేనూ అరుస్తా, అయిపోతుంది. నువ్వడిగితేనే కాదనలేను."

"నేనెప్పుడడిగానే?"

"వాన పడినప్పుడల్లా చుక్క కింద గిన్నె పెడుతూ నా గది వైపు చూస్తావుగా."

"చూస్తే చూశాను. కారేది నా నెత్తిన."

తను నవ్వలేదు. "చెయ్యి పోయింది వదినా. ఇంక సంపాదన లేదు. రేపు నా కంచం మీకు బరువైన రోజున ఇంకో గది అద్దెకి తీసుకోడానికి ఉండాలిగా."

నాకు ఒళ్ళు మండింది. "ఇన్నేళ్ళలో నీకెప్పుడైనా కొలిచి వడ్డించానా?"

"లేదు. అందుకే ఇంకా భయం."

మళ్ళీ లోపలికి తోసుకెళ్ళాను. "తేదీ వేయించుకో. దాక్కుంటే నీదవుతుందా? తీసుకుని, ఇవ్వనని మొహం మీద చెప్పు. మీ అన్నకీ, నాకూ."

డబ్బు పడిన రోజు భోజనాల దగ్గర చెప్పింది. "అన్నయ్యా, పీఎఫ్ వచ్చింది. స్లాబుకి ఇవ్వను."

మా ఆయన ముద్ద చేత్తో పట్టుకుని, నేనేదైనా అంటానేమోనని నా మొహం చూశాడు. నేను ఆయన గ్లాసులో నీళ్ళు పోశాను.

"ఎంతొచ్చింది?" అన్నాడు.

"అదీ చెప్పను."

నాకూ చెప్పలేదు. బ్యాంకుకి వెళ్ళేటప్పుడు మాత్రం తోడు రమ్మంటుంది. కౌంటరు దగ్గరికి ఒక్కతే వెళ్తుంది. నేను బెంచీ మీద కూర్చుని, తను అక్కడ ఎంతసేపు నిలబడిందో చూసి ఎంతుంటుందో అంచనా వేసుకుంటూ ఉంటాను.