మణెమ్మ చెప్పిన దారి

స్టాఫ్ రూమ్ బల్ల మీద తెల్ల చార్టు పరిచి, అది చుట్టుకుపోకుండా నాలుగు మూలలా డస్టర్లు పెట్టాడు ఆనంద్ బాబు. మాచర్లలోని ఆ ప్రైవేటు హైస్కూల్లో ఆయన సైన్సు మాస్టరు. డిసెంబరు రెండో శనివారం తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని నలభై రెండు మందిని నెమలిబండ వాగు వెంట అడవిలోకి నడిపించి, పై మడుగు చూపించి, పొద్దు వాలేలోగా వెనక్కి తేవాలని ఆయన ఆలోచన. అటవీశాఖ అనుమతి వచ్చింది. తల్లిదండ్రుల సంతకాలు వచ్చాయి. ఇక దారి ఒక్కటే తేలాలి.

దారి తెలిసిన మనిషి ఎదురుగా కుర్చీ అంచున కూర్చుని ఉంది. మణెమ్మకు యాభై నాలుగేళ్లు. ఆ స్కూల్లోనే లెక్కలు చెప్పే చిన్నారి ఆమె కూతురు. "మా అమ్మ ఆ అడవిలో ముప్పై ఏళ్లు బీడీ ఆకు కోసింది సార్. ఆమెకు తెలియని రాయి లేదక్కడ" అని మాస్టరుకు చెప్పింది చిన్నారే. స్కూల్లో చేరిన రెండేళ్లలో తల్లి చేసిన పని గురించి ఆమె నోరు తెరవడం అదే మొదటిసారి.

"ఎక్కణ్ణుంచి మొదలుపెడదామమ్మా?" అడిగాడు ఆనంద్ బాబు.

"ఆకు ఆరబెట్టే కల్లం కాణ్ణుంచి సారూ. ఆడ రోడ్డు దిగితే వాగే."

"తర్వాత?"

"ఏనుగురాయి. ఇరవై కట్టల దూరం."

ఆయన పెన్ను ఆగింది. చిన్నారి నవ్వింది. "యాభై ఆకులు ఒక కట్ట సార్. కోసుకుంటూ పోతే ఇరవై కట్టలయ్యేంత దూరం."

"దాన్ని కిలోమీటర్లలోకి మార్చే పూచీ లెక్కల మేడందే. మనవల్ల కాదు."

చిన్నారి ఏదో లెక్కగట్టి ఒకటిన్నర అంది. ఆయన వాగును నీలం రంగుతో గీసి, దాని పక్కనే ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో నడకదారి గీస్తూ పోయాడు. ఏనుగురాయి, మద్దిచెట్ల గుంపు, పావురాల చరియ. మణెమ్మ ఒక్కో గుర్తూ చెబుతుంటే ఆయన ఒక్కో చుక్క పెట్టాడు. చెప్పేకొద్దీ ఆమె కుర్చీలో కాస్త వెనక్కి జరిగి, నిండుగా కూర్చుంది.

"నీళ్ల సంగతేంటి? నలభై రెండు మందికి క్యాన్లు మోయలేం."

"నీళ్లకేంది సారూ! ఇసకలో మోచెయ్యంత చెలమ తవ్వితే ఊరుతయ్యి. తేటగైనాక ముంచుకోవటమే."

ఆనంద్ బాబు నవ్వాడు. "డిసెంబర్లో చెలమ ఎందుకమ్మా? వాగు నిండా నీళ్లేగా."

మణెమ్మ తనూ నవ్వబోయి ఆగింది.

ఆకు కోత ఏప్రిల్లో మొదలై మే నెలతో సరి. వానలు పడ్డాక అడవిలో పని ఉండదు. మిగతా ఏడాదంతా ఆమె మిరప చేలల్లోనే ఉండేది. నాట్లు, కలుపు, కాయ కోతలు. ముప్పై ఏళ్లలో ఒక్క చలికాలమన్నా ఆ వాగు మొహం చూడలేదు. ఆమె నడిచింది ఒడ్డున కాదు. ఒడ్డంతా ముళ్లపొదలు, నిట్టనిలువుగా దిగిన చరియలు. కూలీలందరూ ఎండిపోయిన వాగు నడుమ, ఇసకలో నడిచేవాళ్లు. అడవి అనగానే ఆమె కళ్లముందు ఆ తెల్లటి ఇసకే కదులుతుంది. మాస్టరు ఆకుపచ్చ గీత గీసిన చోట దారే లేదు.

చెప్పాలనుకుంది. కూతురి వైపు చూసింది. అప్పుడే లోపలికొచ్చిన ఇంగ్లీషు టీచరు లీలావతికి చిన్నారి "మా అమ్మండీ, ఈవిడే తీసుకెళ్లేది" అని చెబుతోంది.

మణెమ్మ లేచి లీలావతికి దణ్ణం పెట్టింది.

మర్నాడు పొద్దున్నే పక్కింటి మౌలాలీ ఆటో ఎక్కింది.

"ఈ కాలంలో అడవేంది పిన్నీ? ఆకు లేదు, కోత లేదు."

"చూసొస్తాన్రా."

"ముప్పై ఏండ్లు జూసింది చాల్లేదా? నెమళ్లేమన్నా నీకోసం బెంగపెట్టుకున్నయ్యా ఏంది?"

"రెండు గంటలాగి రా. ఈడ ఫోను పలకదు" అంది కల్లం దగ్గర దిగుతూ.

"వత్తాలే. నీళ్లలో గీళ్లలో దిగమాక."

రోడ్డు దిగితే ఇసక లేదు. చప్పుడు లేకుండా పచ్చటి నీళ్లు పోతున్నాయి. ఒడ్డు పట్టుకుని నడవబోతే పరికికంప చీరను పట్టి లాగింది. ఫర్లాంగు దూరం దాటడానికి అరగంట పైగా పట్టింది. ఆ తర్వాత చరియ నేరుగా నీళ్లలోకి దిగిపోయింది. దాని అడుగున లోతు లేకపోతే పిల్లల్ని నీళ్లలోనుంచే అవతలికి దాటించవచ్చు. కర్ర ఒకటి విరుచుకుని దిగింది. మోకాలు, నడుము. ఇంకో అడుగు వేసేసరికి కాలికింద రాయి దొర్లి రొమ్ము దాకా మునిగింది. మద్దివేరు చేతికందింది. దాన్ని పట్టుకుని, ఊపిరి సర్దుకునేదాకా అలాగే ఉండిపోయింది. ఆమెకు ఈత రాదు.

మౌలాలీ వచ్చేసరికి ఎండలో కూర్చుని ఉంది. చీర చాలావరకు ఆరింది.

సాయంత్రం చిన్నారి పరీక్ష పేపర్లు దిద్దుతుంటే చెప్పింది.

"వాగులో నీళ్లున్నయ్యే. దారి లేదు."

ఎందుకు లేదో మణెమ్మ మొత్తం చెప్పేదాకా చిన్నారి తలెత్తలేదు. తర్వాత పెన్ను పక్కన పడేసింది.

"ఇప్పుడా చెప్పేది? అసెంబ్లీలో నీ పేరు చదివారు. మా అమ్మకు దారే తెలీదని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"తెలుసే. ఎండాకాలం తెలుసు."

"ఎండాకాలం తెలిస్తే ఎంత, తెలవకపోతే ఎంత?" గొంతు తగ్గించింది. "నీకు జ్వరమని చెబుతా. నువ్వు లేకపోతే వాళ్లే మానుకుంటారు."

ఫోను చేసింది. అవతల ఆనంద్ బాబు గొంతు గదిలోకి వినబడింది. "అయ్యో, రెస్ట్ తీసుకోమనండి మేడం. మ్యాప్ గీసుకున్నాంగా, మేం వెళ్లొస్తాం."

చిన్నారి ఫోను పెట్టేసింది. "రేపు ఏదోకటి చూద్దాంలే" అంది, తల్లి వైపు చూడకుండా.

కూతురు ఏదోకటి చూసేదాకా మణెమ్మ ఆగలేదు. ఉదయం బెల్లు కొట్టకముందే స్టాఫ్ రూములో నిలబడింది. గోడకు అంటించిన చార్టు ముందు ఆనంద్ బాబు, లీలావతి తాళ్లు, మందుల డబ్బా లెక్క చూసుకుంటున్నారు.

"జ్వరమన్నారు కదమ్మా?"

"జ్వరం లేదు సారూ." ఆమె ఆకుపచ్చ గీత మీద వేలు పెట్టింది. "ఈడ మనుషులు నడవలేరు. మేం నడిచింది ఈడ." వేలు నీలం గీత మీదికి జరిగింది. "వాగెండినప్పుడు."

ఆనంద్ బాబు చేతిలోని తాడు కింద పెట్టాడు. "అప్పుడే చెప్పొచ్చుగా?"

"ముందు గుర్తు రాలా. గుర్తొచ్చినాక నోరు రాలా."

"నలభై రెండు మంది పిల్లలమ్మా!"

"అందుకే వచ్చా."

"తెలియని రాయి లేదన్నారే" అంది లీలావతి, ఎవర్నీ ఉద్దేశించనట్టు.

"చలికాలం దారి ఇంకెవరికైనా తెలుసా?" అడిగాడాయన.

"ఎవురికీ తెలవదు సారూ. చలికాలం ఎవురూ పోరు."

ఆయన చార్టు ఊడదీసి చుట్టాడు. "బస్సు మాట్లాడి కోటప్పకొండ మెట్లెక్కిద్దాం, ఇంకేం చేస్తాం" అన్నాడు. గుమ్మంలో హాజరు పుస్తకం పట్టుకుని చిన్నారి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. తల్లి పక్కనుంచే లోపలికొచ్చి, సుద్దముక్క తీసుకుని, క్లాసుకు వెళ్లిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చి పరీక్ష పేపర్లు ముందేసుకుంది చిన్నారి. మణెమ్మ బియ్యం ఏరుతోంది.

"ఎంత లోతుంది?" ఉన్నట్టుండి అడిగింది.

మణెమ్మ చెయ్యి రొమ్ము మీద అడ్డంగా పెట్టి చూపించింది.

"నీకెట్టా తెలుసు?"

"దిగా."

"నీకు ఈత రాదుగా."

"రాదు."

చిన్నారి ఆ చేతినే చూస్తూ కూర్చుంది.

"ఎట్టా తెలిసిందని నిన్న అడగలా నేను" అంది చివరికి.

మణెమ్మ చేట దులిపి, ఎసరు పెట్టడానికి లేచింది.