బూడిద పెంకుల ఎరుపు

ఎవరన్న రెండుసార్లు దగ్గితే సాలు, నేను లేచిపోయి వాళ్ల నోట్లెకు తొంగి సూస్త. మనుమరాండ్లు నవ్వుతరు. నవ్వుకోనియ్యి, వాళ్లకేం తెలుసు. భయం మనిషితోని ఏం పని చేయిస్తదో నేను పందొమ్మిదేండ్లకే సూసిన.

మాది మిర్యాలగూడ. మేమిద్దరం అక్కచెల్లెండ్లం. అక్కను కోదాడకిచ్చిన్రు, నన్ను సూర్యాపేటకు. నేను చెప్పేది ఊళ్లల్ల కొట్లాటల గడబిడలు సల్లబడి, బస్సులు మళ్ల నడుస్తున్న ఏడాది. నా ఒళ్లె ఆరు నెలల ఆడబిడ్డ. అక్క అప్పటికే లేదు. అంతకుముందటేడే క్షయతోని పోయింది.

అక్కకు కూడ మొదట జలుబే. తర్వాత దగ్గు, తర్వాత పొద్దుగూకంగనే జరం, ఒకనాడు ఉమ్మిల నెత్తురు. ఆ ఎరుపు కనపడ్డనాడే అత్తగారోళ్లు ఆమె మంచాన్ని పశువుల కొట్టంలకు మార్చిన్రు. కంచం వేరు, చెంబు వేరు. రెండేండ్ల కొడుకును అటు దిక్కు పోనియ్యలె. నేను సూడవోయిన్నాడు ఆ పిల్లగాడు నా సంకల ఉండె. అక్క పండుకున్నకాన్నుంచే సెయ్యి సాపి, "జర దగ్గరికి తేవే, ఒక్కసారి తల నిమురుత" అన్నది. ఎనుకనుంచి వాళ్ల అత్త, "వద్దమ్మాయ్, దగ్గరకి తీసుకెళ్లకు, పసివాడు గదా" అన్నది. నేను ఎవరి మాట విన్ననో తెలుసా? నాలుగడుగులు ఎనుకకేసిన. అక్క సెయ్యి దించుకున్నది. అదే ఆఖరి సూపు.

ఇగ నా సంగతి. చలికాలం, ఊరంత జలుబులే. మా ఆయన బట్టల దుకాణంల పని జేసేటోడు. ఆయనకొచ్చింది, నాలుగొద్దులల్ల పోయింది. నాకొచ్చింది, పోలె. ముక్కు దిబ్బడేసింది. నాలిక మొద్దుబారింది. పచ్చిపులుసు తాగినా, వట్టి నీళ్లు తాగినా ఒక్కతీరే ఉండె. మూడోనాటికి దగ్గు ఛాతిలకు దిగింది. దగ్గినప్పుడల్ల పక్కటెముకలు పట్టుకొని వంగేదాన్ని.

మా అత్త మంచిదే. కండ్లకు పొరలొచ్చినయి, బియ్యంల రాళ్లు నేనే ఏరాలె. నోటికి మాత్రం ఏ పొరా లేదు. మా దిక్కు బిడ్డ తల్లికి బువ్వ తిన్నంక ఆకు, వక్క, కాచు, సున్నం పెట్టి నమలమంటరు, పాలు బాగ పడుతయని. అవన్నీ అత్త ఇత్తడి డబ్బాల ఉంటుండె. దగ్గు మొదలైంగనే, "ఆకు బంద్. కరక్కాయ బుగ్గకు పెట్టుకో, ఊరిన రసం మింగు" అని అదే డబ్బాలకెల్లి ఒక ముక్క తీసి సేతిల పెట్టింది. పూటకొకటి అట్లనే ఇచ్చేది, నేను బుగ్గకు పెట్టుకునేదాన్ని. వగరో, సేదో, నాకేం తెల్వకపోయేది.

ఉమ్మేటందుకు పగిలిన కుండ పెంకుల బూడిద పోసి మంచం కింద పెట్టుకున్న. ఐదోనాడు పొద్దున దగ్గి దగ్గి ఉమ్మి, బూడిద కప్పుదామని వంగిన. తెల్లటి బూడిద మీద ఎర్రటి తీగ.

ఓ యమ్మా! ఆకు నమలక మూడొద్దులాయె. మరి ఈ ఎరుపు ఏడికెల్లొచ్చింది? మళ్ల దగ్గిన, మళ్ల ఉమ్మిన. మళ్ల ఎరుపే. గబగబ బూడిద కప్పి, పెంకును మంచం కిందికి నెట్టేసిన.

ఆనాటి నుంచి నాకు వేరే పని లేదు. అక్క సన్నబడ్డప్పుడు గాజులు మోచేతి దాక ఎక్కేటియి. నేను రోజుకు పదిసార్లు నా గాజులు మీదికి నెట్టి సూసుకున్న. ఒకసారి ఈడనే ఆగుతయి, ఒకసారి ఇంకింత మీదికి పోయినట్టు కొడుతది. ఆయాసమొస్తదా అని మిద్దె మెట్లెక్కి దిగిన. జలుబుతోని ఉన్నదాన్ని, ఎక్కి దిగితే రాదా? వచ్చింది. "అయిపాయె, గిదే" అనుకున్న. నుదురు ముట్టుకొని సూసుకునుడు, ముట్టుకున్న సెయ్యే వేడిగుందేమో అని మళ్ల గోడకు పెట్టి సూసుడు. పిచ్చి లేసినట్టే ఉండె.

చెప్తే కొట్టం. చెప్పకపోతే బిడ్డ నా రొమ్ము మీద మొఖం పెట్టుకొని నా ఊపిరే పీల్చుకుంటది. అడకత్తెరల పోకచెక్కనైన. ఆఖరికి ఒక అబద్ధమాడిన. "అత్తా, పాలు ఎండిపోయినయి" అన్న.

అత్త లబోదిబోమన్నది. "ఆకు మాన్పిస్తినే, అందుకే గిట్లయ్యింది" అని నెత్తి కొట్టుకున్నది. ఆనాటి నుంచి మేకపాలు కాచి, ఉగ్గు గిన్నెతోని తాపుడు వెట్టింది. బిడ్డ మొదట మూడొద్దులు గిన్నెను తన్నింది. నా గొంతు ఇనపడితే అటు తిరిగి ఏడ్చేది. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకొని దూరం కూసునేదాన్ని. అది ఏడిస్తే నాకు పాలు దుంకేటియి, రైక తడిసిపోయేది. మా దిక్కు చనుబాలు తొక్కుడు పడొద్దంటరు. అందుకని పెరట్ల గన్నేరు చెట్టు మొదట్ల పిండి, మన్ను కప్పి వచ్చేదాన్ని. పిండుతుంటే నొప్పికి పండ్లు కొరికేదాన్ని, నా ఏడ్పు మాత్రం ఆగకపోయేది.

అబద్ధమాడిన ఎనిమిదోనాడు పొద్దెక్కినంక అత్త పెరట్లకొచ్చింది. కండ్లు సరిగ కనపడకపోయినా పాల వాసన పట్టింది.

"ఏందే ఇది? పాలు లేవంటివి. మరి చెట్టుకు తాపుతున్నవా? పసిగుడ్డు నోరు కొట్టి చెట్టుకు పోస్తవా, నీ కడుపు కాల!"

ఇగ ఆగలె. "పాలున్నయి. నాకే నెత్తురు పడుతుంది, అత్తా. అక్కకొచ్చిందే నాకొచ్చింది" అన్న. నన్ను కొట్టంలకు తోలేయ్యి, బిడ్డను మాత్రం అప్పుడప్పుడు దూరంకెల్లి సూపియ్యి అని కాళ్లు పట్టుకున్న. అత్త ఎనుకకు జరుగుతదనుకున్న. జరగలె. ఉన్నకాన్నే కూలవడి, నా తలకాయను కడుపుకు అదుముకున్నది. "ఎన్ని దినాలాయెనే, ఒక్కదానివే మోస్తున్నవ్?" అన్నది.

అరగంటల జట్కా పిలిపించి, పక్కింటామెకు బిడ్డనిచ్చి, నన్ను దవాఖానకు తోలుకపోయింది. డాక్టరు ఎనుక, ముందట గొట్టం పెట్టి ఇన్నడు. ఊపిరి తీయమన్నడు, ఆపమన్నడు. ఆయన మొఖం దిక్కే సూస్తున్న. అంత సేపు నేనెప్పుడు ఎవరి మొఖం సూడలె, దేవుని మొఖం కూడ సూడలె.

"నోట్ల ఏం పెట్టుకున్నవమ్మా?" అన్నడు.

"కరక్కాయ."

నోరు తెరవమన్నడు. దూదితోని ఆ ముక్కను బయటికి తీసిండు. దూది ఎర్రగైంది. కంపౌండర్‌ను పిలిచి సూపిచ్చిండు. కంపౌండర్ వాసన సూసి నవ్విండు. "కరక్కాయేడిది తల్లీ? ఇది కాచు. సున్నం గూడ అంటుకొని ఉన్నది, నోరు ఎర్రగ పండక ఏమైతది?"

అత్త డబ్బాల కాచు, కరక్కాయ పక్కపక్క అరలల్లనే ఉండె. ఆమె కండ్లకు రెండూ ఒక్కటే రంగు. నా నాలికకు రెండూ ఒక్కటే రుచి.

"జలుబు ఛాతిలకు దిగింది, అంతే. పది దినాలల్ల తగ్గుతది. రేపటి నుంచి నిక్షేపంగ పాలియ్యి" అన్నడు డాక్టరు.

జట్కాల అత్త ఏడ్సింది, నేను నవ్విన. తర్వాత నేను ఏడ్సిన, ఆమె నవ్వింది. "నా కండ్లు మండిపోను" అని తనను తనే తిట్టుకున్నది. నాకు ఆమె మీద కోపం లేకుండె. రేపటి దాక ఆగుడేంది, దారిపొడుగూత రైక ముడి మీదనే సెయ్యి పెట్టుకొని కూసున్న.

ఇంటికి పోంగనే కాళ్లు కడుక్కొని, పక్కింటామె దగ్గర్నుంచి బిడ్డను తీసుకున్న. గోడకు ఒరిగి కూసోని రొమ్మందించిన. పాలు బొట్లు బొట్లుగ దాని పెదవుల మీద పడ్డయి. అది నాలిక బయటపెట్టి, మొఖం పక్కకు తిప్పుకున్నది. మళ్ల అందించిన. రెండు సేతులతోని నన్ను నెట్టింది. ఆనాడు, తెల్లారి, ఆ వారమంత సూసిన. బుజ్జగించిన, ఉపాసం పెట్టిన, నిద్రల పెట్టి సూసిన. పట్టలె. ఇంకో వారానికి నా అబద్ధం నిజమైంది, పాలు ఎండిపోయినయి.

బిడ్డ మేకపాలతోనే పెరిగింది, బాగనే ఉన్నది, ఇప్పుడు దానికే మనుమలు. దానికి ఆ సంగతి నేను ఎన్నడు చెప్పలె.

కానీ ఆ మొదటినాడు అది నా ఒళ్లెకెల్లి తప్పిచ్చుకొని, అత్త సేతుల్ల ఉన్న ఉగ్గు గిన్నె దిక్కు వంగినప్పుడు, నా సెయ్యి గాలిలనే ఉండిపోయింది. కోదాడ కొట్టంల అక్క సెయ్యి ఎట్లుండెనో అప్పుడెరికైంది. నేను కూడ మెల్లగ దించుకున్న.