నలభై దాటని ముత్తక్క

మా ముత్తక్కకు నలభై ఏళ్లు. మూడేళ్లుగా నలభయ్యే. తల ముగ్గుబుట్ట అయినా, ముందుపళ్లు రెండూ రాలిపోయినా ఆ నలభై మాత్రం కదలదు.

నేను రాంబాబును. పర్ణశాల చుట్టుపక్కల మిరపకాయలు ఏరే కూలీలను ఆటోలో తోలుకుపోయే మేస్త్రిని. ముసలివాళ్లను తేవద్దని రైతులు సణుగుతుంటే, అరవై దాటినవాళ్లు ఇక ఆటో ఎక్కొద్దని మూడేళ్ల కిందట అందరి ముందూ చెప్పేశాను. ముత్తక్క అందరికన్నా ముందెక్కి కూర్చుంది.

"ముత్తక్కా, నీకెన్నేండ్లే?"

"నలభై."

"నీ మనవరాలికే ఇరవై రెండు గదా!"

"అయితేంది? మాకు జల్దీ పెండ్లిళ్లు జేసిన్రు."

"మరి నీ పక్కన కూసున్న హేమ్లికి?"

"నాకంటే రెండేండ్లు చిన్నది. లెక్క నువ్వే కట్టుకో."

ఆటో అంతా నవ్వింది. ఆధార్ కార్డు చూపించమన్నాను. "నన్ను కన్నది కార్డా?" అంది. మరి పింఛనెలా తీసుకుంటున్నావంటే, "అది సర్కారు లెక్క, ఇది నా లెక్క" అంది. ముత్తక్కతో వాదించి గెలిచినవాడు మా మండలంలో లేడు.

తోటలో మరీ విడ్డూరం. తన సాలు ముగించి, హేమ్లి సాలులోకి అటు చివర నుంచి ఎదురొచ్చి ఏరేది. పడుచుతనం చూపించుకుంటోందని నవ్వుకునేవాణ్ణి. నీళ్లు తాగమంటే, "దాహమేసేది ముసలోళ్లకు" అనేది.

పోయిన మార్చిలో మిట్టమధ్యాహ్నం కడుపు పట్టుకుని సాలులోనే కూలబడింది. విరేచనంలో రక్తం పడుతోందని హేమ్లి పరుగున వచ్చి చెప్పింది. ఇద్దరినీ ఆటోలో వేసుకుని భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాను.

"వయసెంతమ్మా?" అంది డాక్టరమ్మ.

"నలభై."

డాక్టరమ్మ పెన్ను ఆపింది. "చూడమ్మా, ఈ నొప్పికి వయసుతో పనుంది. పడుచువాళ్లకైతే బంక విరేచనాలా, ఏవైనా మాత్రలు మింగారా అని ముందు చూస్తాం. పెద్దవాళ్లకు రక్తనాళాలు సన్నబడతాయి. ఎండలో నీళ్లు తాగకపోతే పెద్దపేగుకు రక్తం చాలదు. ఆలస్యమైతే పేగే పాడవుతుంది. నిజం చెప్పు."

"నలభై."

"ప్రాణం మీదికొస్తుందమ్మా!"

"రానియ్యి. నలభై ఏండ్లకే పోయిందని ఇంకింత ఎక్కువ ఏడుస్తరు."

నాకు ఒళ్లు మండింది. "చెప్పి చావవే ముత్తక్కా!" అని అరిచాను.

"ముందు గా మేస్త్రిని బయటికి పంపు" అంది.

బయటికొచ్చి నిలబడ్డాను. మధ్యలో ఉన్నది గుడ్డ పరదా. ముత్తక్క గుసగుస గోదావరి అవతలి ఒడ్డుకు కూడా వినబడుతుంది.

"డెబ్బై రెండమ్మా. మేస్త్రికి చెప్పకు. నాకు డెబ్బై రెండంటే హేమ్లికి డెబ్బయని లెక్క గడ్తడు. దానికి ముందెనక ఎవరు లేరు. ఆటో ఎక్కనియ్యకుంటే ఏం తింటది?"

నాకు సిగ్గేసింది. హేమ్లి సాలులోకి ఎదురొచ్చి ఎందుకు ఏరేదో కూడా అప్పుడే అర్థమైంది. బెంచీ మీద హేమ్లి, ముత్తక్క చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఏమన్నది డాక్టరమ్మ?" అంది. తగ్గుతదట అన్నాను, తల ఎత్తకుండా.

ఐదు రోజులు సెలైన్లు ఎక్కించారు, స్కానింగ్ తీశారు, తిండి ఆపారు. తిండి ఆపినందుకు నర్సులందరికీ తిట్లు పడ్డాయి. పేగు నిలబడింది. ఇంటికి పంపేటప్పుడు, "ఇంతకూ ఈమెకెంతండీ?" అని కావాలనే అడిగాను. డాక్టరమ్మ ముత్తక్క వంక చూసింది.

"నలభై. గంటగంటకూ నీళ్లు తాగించండి" అంది, నవ్వకుండా.

ఇంట్లో కూర్చోమని ఎంత చెప్పినా ఈ ఏడాదీ ఆటో ఎక్కింది. ఇప్పుడు గంటకోసారి నేను విజిల్ వేస్తాను, తోటంతా నీళ్లు తాగాలి. ముత్తక్క నన్ను తిట్టి మరీ తాగుతుంది.

మొన్న తోట రైతు సీతయ్య హేమ్లిని చూపించి, "ఏంది రాంబాబూ, గామెకు అరవై దాటలే?" అన్నాడు.

"ఎవరు, హేమ్లా? ముప్పై ఎనిమిదే!" అన్నాను.

ముత్తక్క సాలులోంచి లేచి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ముప్పై ఏడు! ఉగాదికి గానీ ముప్పై ఎనిమిది నిండయ్!"