టిష్యూ పాకెట్లు లేని ప్రాజెక్టు

ప్రాజెక్టు బాగా జరిగిందని ఎవరైనా అంటే నేను నమ్మను. ఉద్యోగం కోసం వచ్చే పిల్లల రెజ్యూమెల్లో మిగతావన్నీ గబగబా దాటేసి, కాలేజీ ప్రాజెక్టు అని రాసిన చోట ఆగుతాను. ఇది నువ్వు చేశావా, కొన్నావా? పైకి మాత్రం అడగను. అడిగితే చేశాననే చెబుతారు.

నా బుద్ధి ఇలా తయారవడానికి కారణం ఉంది. నేను ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో ఉన్నప్పుడు మా క్లాసులో సగం మంది అమీర్‌పేట వెళ్ళి షాపులో ప్రాజెక్టు కొనుక్కొచ్చారు. పనిచేసే డబ్బా, రిపోర్టు, వైవాలో అడగబోయే ప్రశ్నలకు జవాబులు, అన్నీ ఒకే సంచిలో వేసి ఇచ్చేవారు. నేనూ నా స్నేహితురాలూ మాత్రం మహా పౌరుషంగా సొంతంగా చేశాం. డాబా మీద నీళ్ళ ట్యాంకు నిండగానే మోగే అలారం. వాన పడితే చాలు, ట్యాంకు ఖాళీగా ఉన్నా అది మోగేది. ఎందుకు మోగుతోందో కనిపెట్టాం గానీ సరిచేసే టైము లేకపోయింది. వైవాకి వచ్చిన పెద్దమనిషికి ఆ సంగతి చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "పనిచేస్తుందా, చెయ్యదా? అంతవరకు చెప్పమ్మా." చెయ్యదన్నాను. క్లాసులో అందరికంటే తక్కువ మార్కులు మా ఇద్దరికే. షాపు డబ్బాలన్నీ బ్రహ్మాండంగా పనిచేశాయి మరి. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

ఇప్పుడు సింగపూర్‌లో, సైన్స్ పార్కులోని ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. గదుల్లో మనుషులున్నారో లేరో చెప్పే సెన్సర్లు తయారుచేస్తాం. ఆమధ్య మా టీములో ఒక ఉద్యోగం ఖాళీ అయింది. ఇక్కడే మాస్టర్స్ పూర్తిచేసిన తెలుగమ్మాయి ఇంటర్వ్యూకి వచ్చింది. ఇక్కడ ఉండనిచ్చే వీసా పాసు గడువు దగ్గర పడిందని, ఇది రాకపోతే ఇంటికి వెళ్ళిపోవాల్సిందేనని వస్తూనే దాచకుండా చెప్పింది. మా మేనేజర్ చైనీస్ మనిషి, నెమ్మదస్తుడు. "మీ వైపు చదువుల సంగతి నీకే తెలుసు. ఔనో కాదో సోమవారానికి నువ్వే తేల్చు" అని భారం నా మీద పెట్టి పక్కన కూర్చున్నాడు.

ఆ అమ్మాయి ప్రాజెక్టు ఏమిటంటే, హాకర్ సెంటర్లో, అంటే చవక తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట, ఏ బల్ల ఖాళీగా ఉందో ఫోనులో చూపించడం. కుర్చీల కింద సెన్సర్లు అంటించారట. ఎక్కడ చేశారని అడిగితే జురాంగ్ ఈస్ట్ అని, ఏ హాకర్ సెంటరో కూడా చెప్పింది. గతుక్కుమన్నాను. అది నేనుండే అపార్ట్‌మెంటు బ్లాకు కిందదే. వారంలో సగం రోజులు నా రాత్రి భోజనం అక్కడే. నా కంట పడకుండా ఇంత గొప్ప పని ఎప్పుడు చేశారో.

"ఇబ్బందులేమైనా వచ్చాయా?" అని అడిగాను.

"ఏమీ రాలేదు మేడమ్. అంతా అనుకున్నట్టే జరిగింది."

"మధ్యాహ్నం రద్దీలో కూడా?"

"రద్దీలో కూడా బాగా పనిచేసింది మేడమ్."

దొరికిపోయింది అనుకున్నాను. ఈ ఊళ్ళో ఒక్క మధ్యాహ్నం హాకర్ సెంటర్‌కి వెళ్ళినవాళ్ళెవరూ ఆ మాట అనరు. ఇక్కడ జనం ముందు బల్ల మీద ఒక టిష్యూ పాకెట్ పెట్టి, ఆ తర్వాత తిండి కోసం లైన్లో నిలబడతారు. దాన్ని చోప్ చెయ్యడం అంటారు. పాకెట్ ఉన్న బల్ల చుట్టూ కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోరు. ఈ మర్యాద కుర్చీ కింద సెన్సర్‌కి ఎలా తెలుస్తుంది? రద్దీ వేళ అది చెప్పేదంతా అబద్ధమే అవ్వాలి. నిజంగా అక్కడ నిలబడి చేసినదైతే మొదటిరోజే బోల్తా పడి ఉండేది. చెవిలో పువ్వు పెట్టడానికి నేనే దొరికానా అని ఒళ్ళు మండింది.

అమ్మాయి వెళ్ళాక మేనేజర్ "బాగా మాట్లాడింది కదా" అన్నాడు.

"మరీ బాగా మాట్లాడింది" అన్నాను.

కాదని ఒక్క ముక్క చెప్పేస్తే అయిపోయేది. నా ప్రాణం ఊరుకోదు కదా. బండారం బయటపెట్టి గానీ వదలకూడదని శనివారం మధ్యాహ్నం మా హాకర్ సెంటర్‌కి దిగాను. అక్కడ టీ అమ్మే అంకుల్ తమిళాయన, పుట్టి పెరిగింది ఇక్కడే. కాలేజీ పిల్లలెవరైనా కుర్చీల కింద ఏవో అంటించి ప్రాజెక్టు చేశారా అంకుల్, అని అడిగాను. లేదంటాడని నా నమ్మకం.

ఆయన టీ తిరగబొయ్యడం ఆపి నవ్వాడు. తమిళమూ ఇంగ్లీషూ కలిపి, మాట చివర ఇక్కడివాళ్ళందరిలా ఒక 'లా' తగిలిస్తూ ఆయన చెప్పింది ఇదీ.

"టిష్యూ పిల్లా? మొదటిరోజు పెద్ద గొడవ లా. బల్లల మీది పాకెట్లన్నీ ఎవరో మర్చిపోయారనుకుని ఏరి తెచ్చి నా కౌంటర్ మీద పోసింది. పోగొట్టుకున్నవాళ్ళు వస్తే ఇచ్చెయ్యండి అంకుల్ అంది. పళ్ళాలు పట్టుకుని వచ్చినవాళ్ళకి బల్లల్లేవు. అందరూ నన్ను తిట్టారు."

"తర్వాత మళ్ళీ వచ్చిందా?"

"ఎందుకు రాలేదు? రోజూ లంచ్ టైముకి వచ్చేది, నువ్వు ఆఫీసులో ఉండే టైము. పాకెట్ ఎవరు పెట్టారు, ఎంతసేపటికి వచ్చారు అని ముసలివాళ్ళని అడుగుతూ తిరిగింది. మెషీన్ మాత్రం చివరిదాకా తప్పే చెప్పింది లా. పోయేరోజు నాకు ఇంత కట్ట టిష్యూ పాకెట్లు కొనిచ్చి సారీ చెప్పింది."

నా టీ చల్లారిపోయింది. అంటే చేసింది. తన చేతులతోనే చేసింది. మరి అబద్ధం ఎందుకాడినట్టు? ఒక అనుమానం వదిలి ఇంకొకటి పట్టుకుంది. తగిలిన దెబ్బల్ని ఇంత చక్కగా దాచే మనిషి, రేపు మా సెన్సర్లు తప్పు చెబితే మాత్రం నాకు చెబుతుందా? ఆదివారమంతా దీంతోనే సరిపోయింది.

సోమవారం పొద్దున్నే పిలిపించి గదిలో ఎదురుగా కూర్చోబెట్టాను. ఈసారి తెలుగులోనే అడిగాను.

"ప్రాజెక్టులో ఇబ్బందేమీ రాలేదన్నావు."

"రాలేదు మేడమ్" అంది మళ్ళీ. ఇప్పుడు తనే నన్ను అనుమానంగా చూస్తోంది.

బ్యాగులోంచి ఒక టిష్యూ పాకెట్ తీసి ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టాను. దాన్నే చూస్తూ ఉండిపోయింది. మొహం ఎర్రబడింది.

"అంకుల్ చెప్పేశారా?"

"చెప్పారు. ఇప్పుడు నువ్వు చెప్పు."

మొదలుపెట్టాక ఆగలేదు. సెన్సర్లు మార్చి చూశారు, లెక్కకట్టే పద్ధతి మార్చి చూశారు. టీములో ఒకబ్బాయి ఆ లంచ్ టైము అంకెలు తీసేద్దాం, మిగతావన్నీ బాగున్నాయి కదా అంటే వాడితో పెద్ద రభస అయిందట. ఫోను పట్టుకుని నిలబడి అడిగితే ఆంటీలు కసిరారు. పక్కన కూర్చుని, తనూ తింటూ అడిగితే ఇంటి సంగతులతో సహా చెప్పారు. ఖాళీ కుర్చీ వేరు, ఖాళీ చోటు వేరు అని తెలియడానికి సెమిస్టరంతా పట్టింది అంది. మా కంపెనీలో మనుషులకి అది తెలియడానికి ఇంకా ఎక్కువే పట్టింది.

"మార్కులు?" అన్నాను.

"మా టీముకే హైయెస్ట్ మేడమ్. ఎందుకు వర్క్ అవ్వలేదో బాగా రాశామన్నారు."

కుళ్ళుకున్నాను, నిజం. వానకి మోగే మా అలారం గుర్తొచ్చింది.

"మరి అంత మంచి మార్కులొచ్చిన సంగతి నా దగ్గర ఎందుకు దాచావు?"

తల వంచుకుంది. "ఆ మేనేజర్ సార్ అడిగుంటే చెప్పేసేదాన్ని. మీరు తెలుగువాళ్ళని తెలియగానే భయమేసింది. మన సైడ్ వైవాలో పని చెయ్యలేదంటే విననే వినరు కదా ఆంటీ."

చెయ్యి అడ్డం పెట్టిన ఆ పెద్దమనిషిని ఇన్నేళ్ళు తిట్టుకుంటూనే ఉన్నాను. ఈ పిల్లకి నా మొహంలో అతనే కనిపించాడు.

పాకెట్ తీసుకుని లేచాను. తనూ వెనకే వచ్చింది. నా పక్కన ఖాళీగా ఉన్న డెస్కు మీద, కీబోర్డు ముందు, ఆ పాకెట్ పెట్టాను. దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"ఇది కూడా టెస్టేనా మేడమ్?" అంది.