పదకొండు మందీ క్షేమం

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున ఫోను మోగింది. మా రోడ్డు గ్యాంగులో తారు పోసే ఆవిడ. "సార్, మన దిండుబండి అన్న పోయినాడంట. టీ తాగి గోడకు ఒరిగినోడు మల్ల లేయలేదంట" అంది. నేను "అయ్యో" అన్నాను. ఫోను పెట్టేశాక నాకు మొదట గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు, నేను రాసిన ఒక వాక్యం. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోతుందని కాదు గానీ, దాన్ని దాచి ఆయన గురించి నాలుగు మంచిమాటలు రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

కర్నూలు నుంచి కడప పోయే పెద్దరోడ్డు మీద మరమ్మతులు చూసే సూపర్‌వైజర్ని నేను. బండ్లను ఆపే వీలుండదు కాబట్టి ఒక వరస మూసి, పక్క వరసలో లారీలు పోతుండగానే గుంతలు పూడుస్తాం. పనివాళ్ల వెనక ఒక ట్రక్కు నిలబడి ఉంటుంది. దాని నెత్తిన పక్కకు పొమ్మని చెప్పే బాణం గుర్తు లైట్లు, తోకకు మంచమంత పెట్టె. ఎవడైనా కునుకుతూ వచ్చి గుద్దితే ఆ పెట్టె నలిగి దెబ్బను తను మింగుతుంది, మనుషులదాకా రానివ్వదు. దాని ఇంగ్లీషు పేరు మా వాళ్లెవరికీ నోరు తిరగక దిండుబండి అన్నారు. దాన్ని నడిపే పెద్దాయనది బనగానపల్లె దగ్గర పల్లెటూరు.

బండి నిలిపే ముందు ఆయన కిందికి దిగి, చివరి కూలీ దగ్గర్నుంచి వెనక్కి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచేవాడు. అక్కడ బండి పెట్టి, ముందు టైర్లు రోడ్డు అంచు వైపు తిప్పేవాడు. నాకేమో ఎండ ముదరకముందే పని మొదలవ్వాలని తొందర.

"ఏమప్పా, పెండ్లి పందిరి కొలుస్తాండావా?" అని ఎగతాళి చేశానొకసారి.

"గుద్దితే బండి ముందుకు దూకుతాది సార్. ఆ దూకేంత జాగా వదలాల. టైరు తిప్పి పెడితే మనోళ్ల మీదికి రాకుండా పక్కకు పోతాది" అన్నాడు. ఎగతాళికి కోపం తెచ్చుకునే రకం కాదు.

మేమంతా ఆయన వైపు వీపు పెట్టి పనిచేసేవాళ్లం. ఆయన మాత్రం అద్దంలో వెనక వచ్చే బండ్లనే చూస్తూ కూర్చునేవాడు. మే నెలలో ఆ క్యాబిన్ పెనంలా కాలేది. ఫోను తీయడు, పాట పెట్టడు. అందరూ చెట్టు నీడకు చేరాకే సద్దిమూట విప్పేవాడు.

దారిన పోయేవాళ్ల తిట్లన్నీ ఆయనకే. శివరాత్రికి మహానంది పోయే కార్లవాళ్లయితే అద్దం దించి మరీ తిట్టేవాళ్లు, దేవుడి దగ్గరికి పోతున్నామన్న ఇంగితం కూడా లేకుండా. నాకు ఒళ్లు మండేది. ఆయన నవ్వేవాడు. "తిట్టినోడు మనల్ని చూసినట్టే గదా సార్. తిట్టకుండా వచ్చేవోనితోనే భయం" అనేవాడు. ఈ మాటను నేను ఆ తర్వాత చాలామందికి నా సొంత మాటలా చెప్పాను.

తిట్టకుండా వచ్చినవాడు ఒకరోజు రానే వచ్చాడు. ఆళ్లగడ్డ ఇవతల, మధ్యాహ్నం అన్నాలు తిన్న తర్వాత. నాపరాళ్ల లోడు లారీ. డ్రైవరు నిద్రలో ఉన్నాడు. ముందు పొడుగ్గా మా బండి హారను, వెంటనే చెవులు గింగుర్లెత్తే చప్పుడు. తిరిగి చూసేసరికి దిండుబండి ఎగిరి, తిప్పి పెట్టిన టైర్ల దారినే రోడ్డు దిగి ఆగింది. మావాళ్లకు ఒక్క గీత పడలేదు. నేను తలలు లెక్కపెట్టాను. పదకొండు.

ఆయన మెడ పట్టుకుని కిందికి దిగాడు. "అందరూ ఉండారా సార్?" అన్నాడు.

"ఉండారప్పా, పదకొండు మందీ ఉండారు. నీకేమన్నా అయ్యిందా?"

"మెడ రవ్వంత పట్టేసినట్టుండాది. తెల్లారితే పోతాదిలే" అన్నాడు. నేను నొప్పుల మందు డబ్బా ఇచ్చి, ఘనకార్యం చేసినట్టు నిలబడ్డాను.

నేను రిపోర్టులు బాగా రాస్తానని ఆఫీసులో పేరు. ఆరోజూ బాగానే రాశాను. నలిగిన పెట్టె గురించి అర పేజీ, దానికి నాలుగు ఫొటోలు. చివర్లో, "సిబ్బంది పదకొండు మందీ క్షేమం. ఎవరికీ గాయాలు లేవు." పన్నెండో మనిషి ఉన్నాడని నా కలానికి తోచలేదు. రోజూ ఆ బండిని చూసి చూసి, అందులో కూర్చున్నాయన కూడా నాకు బండిలో భాగమైపోయాడు. పై ఆఫీసరు ఆ కాగితాన్ని మీటింగులో చదివి నన్ను మెచ్చుకున్నాడు. నేను పొంగిపోయాను.

నొప్పి తెల్లారితే పోలేదు. కొన్ని నెలలకు మెడ బిగుసుకుపోయింది. కర్నూలు డాక్టరు ఆ కుదుపుకే లోపల దెబ్బ తగిలిందన్నాడు. వైద్యం ఖర్చు అడగబోతే మా కంపెనీవాళ్లు నా రిపోర్టు తీసి చూపించారు. ఎవరికీ గాయాలు లేవు. ఆయన నా దగ్గరికి వచ్చి, "సార్, ఆ కాగితంలో నాది గూడా ఒక్క ముక్క రాసేకి అయితాదా?" అని అడిగాడు.

"పైకి పోయిన కాగితాన్ని మార్చేకి కాదప్పా" అన్నాను.

మార్చడానికి కాదన్నది నిజమే. ఇంకో కాగితం రాయొచ్చు. తెల్ల కాగితం నా టేబుల్ మీదే ఉంది. రాస్తే, ముందు రాసింది తప్పని ఒప్పుకోవాలి, మీటింగులో వచ్చిన మెప్పు నగుబాటవుతుంది. అంతే, ఇంకే కారణమూ లేదు. ఆయనకది అర్థమైందనే అనుకుంటాను. "పోనీలే సార్, మీరు మాత్రం ఏం జేస్తారు" అని వెళ్లిపోయాడు. ఆ మాట అనకుండా నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. మెడ తిరగనివాడికి స్టీరింగు ఎవరిస్తారు? పని పోయింది. ఆ తర్వాత ఈ రెండేళ్లలో ఆయన ఊరి మీదుగా నేను ఎన్నిసార్లు పోయానో, ఒక్కసారీ దిగలేదు.

చనిపోయిన రోజు కూడా పోలేదు. మొహం చెల్లలేదు. దినాలు అయిపోయాక పోయాను. ఆయన భార్య చేనికి బయలుదేరుతోంది. నన్ను చూసి మంచం వాల్చి, మంచినీళ్లిచ్చింది. నేను కూర్చోలేదు. "అమ్మా, ఆరోజు నేను తప్పు రాసినా. తెలిసినాక గూడా దిద్దలేదు" అన్నాను. బస్సులో అంతా కూర్చుకున్న మాటలు తీరా అంతే అయ్యాయి.

"కాగితాల సంగతి నాకేం తెలుసు సార్. మాయన మెడ తిరిగేది కాదు. ఎనక బండి వస్తాంటే తెలిసేది కాదు. అందుకని యాడికి పోయినా ఎనకమ్మడే నేను నడిచేదాన్ని" అంది.

బస్సు కోసం రోడ్డెక్కాను. చేనికి అదే దారి కాబట్టి ఆమె కూడా వచ్చింది. కొంత దూరం పోయాక పక్కన ఆమె లేదని గమనించి తిరిగి చూశాను. నాకు నాలుగడుగులు వెనక, బండ్లు పోయే వైపు నడుస్తోంది. ఏదో చప్పుడు వినపడితే తల తిప్పి వెనక్కి చూసి, మళ్లీ నడుస్తోంది.

"పక్కన రామ్మా" అన్నాను.

"అలవాటైపోయినాది సార్. మీరు నడవండి" అంది.